అక్షరాల బిళ్లల పెట్టె: తలకట్టు విడిగా వస్తేనే కొనండి

పిల్లలకు తెలుగు చదవడం నేర్పే సామాను నాలుగు తరహాల్లో దొరుకుతుంది. గోడకు తగిలించే వర్ణమాల చార్టు, బొమ్మల ఫ్లాష్ కార్డులు, నొక్కితే పలికే పుస్తకం, చేత్తో పేర్చే అక్షరాల బిళ్లలు. ఏ డబ్బా చూసినా అక్షరాలు నేర్పుతామనే రాసి ఉంటుంది. అక్షరం కంటబడగానే దాని ధ్వని నోటికి రావాలి, రెండు మూడు ధ్వనులు కలిసి మాటగా వినిపించాలి. ఈ పనికి ఏది ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం. ఫలానా కంపెనీ సరుకని కాదు, ఏ పెట్టె చేతికొచ్చినా తిప్పి చూసుకోవలసిన సంగతులివి. మా ఓటు బిళ్లలకే. అయితే బిళ్లల పెట్టెల్లో చాలావాటిని తెలుగు లిపి ఎలా పనిచేస్తుందో పట్టించుకోకుండా తయారు చేశారు.

చార్టుతో మొదలుపెడదాం. గోడకు ఉంటే నష్టమేమీ లేదు, లాభమూ కొంచెమే. మొట్టమొదటి గడిలోనే తిరకాసు ఉంది: అ పక్కన ‘అమ్మ’. అమ్మలో రెండో అక్షరానికి ఒత్తుంది. అంటే పిల్లవాడు చూసే తొలి మాటే, ఒత్తులు వచ్చేదాకా తనంతట తాను చదవలేని మాట. బొమ్మ చూసి ‘అమ్మ’ అంటాడు, చదివాడని పెద్దవాళ్లు మురిసిపోతారు. కాగితంతో బొమ్మను మూసి అడిగితే తేలిపోతుంది.

ఫ్లాష్ కార్డులదీ అదే జబ్బు, ఇంకొంచెం ముదిరిన జబ్బు. ఝ కార్డు మీద చేప ఉంటుంది, కింద ‘ఝషం’ అని రాసి ఉంటుంది. బొమ్మ చూసిన పిల్ల ‘చేప’ అంటుంది. ఛ కార్డు మీది ఛత్రాన్ని గొడుగు అంటుంది. తప్పు పిల్లది కాదు. ణ, ళ కార్డులు మరీ అన్యాయం. తెలుగు మాటలేవీ ఈ రెండు అక్షరాలతో మొదలుకావు కాబట్టి వీణ బొమ్మో కళ్ల బొమ్మో వేస్తారు. అప్పటిదాకా బొమ్మ పేరులో మొదటి ధ్వనిని పట్టుకోమని చెప్పిన పిల్లకు వీణలో వినిపించేది ‘వీ’. ణ చూసి ‘వ’ అంటే చెప్పినట్టే చేసిందన్నమాట. కార్డులు ముందే కొని ఉంటే బొమ్మ ఒకవైపు, అక్షరం వెనకవైపు ఉన్నవాటిని ఉంచుకోండి. రెండూ ఒకే వైపు ఉంటే బొమ్మ మీద కాగితం అంటించి వాడండి. ఙ, ఞ, ఌ కార్డుల్ని పక్కన పెట్టినా ఏమీ పోదు.

నొక్కితే పలికే పుస్తకాన్ని కొనేముందు ఒకసారి నొక్కి వినాలి. క మీట నొక్కితే వెంటనే పొట్టిగా ‘క’ అనాలి, అంతే. ముందు సంగీతం, తర్వాత ‘క అంటే కలం’, ఆ తర్వాత చప్పట్లు వినిపిస్తే పెట్టెయ్యండి. పిల్లల చెవికి చప్పట్లు మిగులుతాయి, ధ్వని మిగలదు. తర్వాత జతలుగా నొక్కి చూడండి: ల-ళ, న-ణ, స-శ-ష, ట-ఠ, ద-ధ. రెండింటికీ ఒకే పలుకు వస్తే ఆ పుస్తకం ఆ జతను ఎన్నటికీ నేర్పలేదు. చ, జ దగ్గర ఇంకో పరీక్ష ఉంది. చిలుకలో చ వేరు, చాపలో చ వేరు. నాలుక పంటికి తగిలే రెండో పలుకుకు బడిలో విడి అక్షరం నేర్పం కాబట్టి ఒకే మీట రెండు మాటలూ పలికి వినిపిస్తే బాగుంటుంది. అలా చేసేవి అరుదు. ఎంత మంచి పుస్తకమైనా మీట నొక్కాక పిల్ల చేసే పని వినడమే. ధ్వనులు కలపడం దానితో రాదు.

ఇక బిళ్లలు. ఈ పద్ధతికి పేరు తెచ్చినది ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి. 1907లో రోమ్‌లో తెరిచిన పిల్లల ఇంట్లో, రాయడానికి చెయ్యి తిరగకముందే అక్షరాలు పేర్చి మాటలు కట్టించారు. చదవడం కంటే కట్టడం ముందు రావడంలో ఒక కిటుకుంది. కట్టేటప్పుడు మాట పిల్లకు ముందే తెలుసు, దాన్ని ధ్వనులుగా విడదీస్తే చాలు. చదివేటప్పుడు ధ్వనులు చేతిలో ఉంటాయి, వచ్చేదేమిటో తెలియదు. మొదటిది తేలిక. ఇటాలియన్‌కు దాదాపుగా ఒక ధ్వనికి ఒక బిళ్ల సరిపోయింది. తెలుగులో క అనే బిళ్లలో రెండు ధ్వనులున్నాయి, క్, అ. ఆ అ వెళ్లిపోయి ఇ వచ్చి చేరితే కి. బిళ్లల మీద ఈ రాకపోకలు కంటికి కనిపించకపోతే పెట్టె ఎంత అందంగా ఉన్నా చార్టును ముక్కలు కోసి అమ్మినట్టే.

పెట్టె తెరవగానే ఒక క బిళ్ల, ఒక గుడి బిళ్ల తీసి కి కట్టండి. మామూలుగా దొరికేవాటిలో క నెత్తిన తలకట్టు అచ్చు పడే ఉంటుంది. దాని పైన గుడి పెడితే తలకట్టు మీద గుడి, రెండు టోపీలు పెట్టుకున్నట్టు. అలాంటి అక్షరం తెలుగులో లేదు. రేపు పుస్తకంలో కనిపించే ‘కి’కీ, ఇప్పుడు చేత్తో కట్టిన ‘కి’కీ పోలిక ఉండదు. మంచి పెట్టెలో క బిళ్ల తలకట్టు లేకుండా, అక్షరం ఒళ్లు మాత్రమే ఉంటుంది. తలకట్టు, దీర్ఘం, గుడి, ఎత్వం విడివిడిగా, పైన ఆనించే ముక్కలుగా వస్తాయి. తలకట్టు తీసి గుడి పెట్టడమంటే అ తీసి ఇ పెట్టడమే. వేళ్లు చేసిన పని చెవి విన్న మార్పుతో సరిగ్గా కలుస్తుంది.

ఈ అమరిక అన్నిచోట్లా నడవదని తయారీదారుకు తెలిసిందా లేదా అన్నది రెండో పరీక్ష. ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ, ఈ తొమ్మిదింటికి తలకట్టు కనిపించదు. ల, బ, జ లకు గుడి ఇస్తే నెత్తిన కూర్చోదు, అక్షరం గీతే చివర వంగి గుడి అవుతుంది. కాబట్టి లి, బి, జి విడి బిళ్లలుగా ఉండాలి. కొమ్ము ఇంకో రకం. దీర్ఘం, గుడి వస్తే తలకట్టు పోతుంది, కొమ్ము వస్తే మాత్రం పోదు. కులో తలకట్టు అలాగే ఉంటుంది. తలకట్టు అంటే అ అని గట్టిగా పట్టుకున్న పిల్ల కు చూసి ‘కఉ’ అనడం సహజమే. ‘కొమ్ము వస్తే తలకట్టు నోరు మూసుకుంటుంది’ అని ఒక్క మాట చెప్పి ముందుకు పొండి, వ్యాకరణం వద్దు. పు, ఫు, వు లలో కొమ్ము ఆకారమే వేరు. వకు మామూలు కొమ్ము పక్కన తగిలిస్తే మ లాగా కనిపిస్తుంది మరి. మొ, యొ, ఘొ లలో ఒత్వం రెండు ముక్కలై ఒకటి నెత్తిన, ఒకటి పక్కన చేరుతుంది. పు, వు, మి, యి, మొ, యొ కట్టిన బిళ్లలుగానే వచ్చాయంటే ఆ పెట్టె వెనక తెలుగు తెలిసినవాళ్లు ఉన్నారన్నమాట.

ఇది చూశాక ఒక సంగతి తడుతుంది. తొలి పాఠాల్లో అందరూ మెచ్చే మాట ‘పులి’. రెండే అక్షరాలు, మంచి బొమ్మ. అందులో పు మినహాయింపే, లి మినహాయింపే. ‘పిల్లి’ ఇంకా కష్టం. పులిని ఒక నెల ఆపితే కొంప మునగదు.

సంఖ్య సంగతి. యాభై ఆరు అక్షరాలు ఒక్కొక్కటి చొప్పున ఇచ్చే పెట్టెతో పాప, కాకి, తాత, మామ కట్టలేం. తక్కువ అక్షరాలు, ఎక్కువ ప్రతులు కావాలి. తరచుగా పనిపడే పది హల్లులు తలా మూడు, అచ్చులు ఒక్కొక్కటి, తలకట్లు ఆరు, దీర్ఘం, గుడి, కొమ్ము మూడేసి ఉంటే మొదటి మూడు నెలలకు సరిపోతాయి. ఋ, ౠ, విసర్గ, ఱ ఉన్నా లేకపోయినా ఒకటే.

బిళ్ల ఎత్తు నాలుగైదు సెంటీమీటర్లు ఉంటే చిన్న వేళ్లకు పట్టు దొరుకుతుంది. అక్షరం అడుగున సన్నని గీత ఉండాలి. తలకట్టు ఉన్న బిళ్లకు ఏది పైవైపో తెలుస్తుంది, తలకట్టు తీసేసిన ఒంటికీ, ట, బ లాంటివాటికీ తెలియదు. రంగులు అర్థంతో ఉండాలి. హల్లులన్నీ ఒక రంగు, అచ్చులూ వాటి గుర్తులూ ఇంకో రంగు. ఇ, గుడి ఒకే రంగులో ఉంటే రెండూ ఒకే ధ్వని అన్న సంగతి చెప్పకుండానే తెలుస్తుంది. ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు వేసిన ఇంద్రధనుస్సు పెట్టెల్లో పిల్ల ‘ఎర్రది క’ అని గుర్తుపెట్టుకుంటుంది, నల్లసిరా పుస్తకంలో దాన్ని పోల్చుకోదు. అయస్కాంతం ఉన్నవి కొంటే అది పూర్తిగా లోపల మూసేసి ఉందో లేదో గోటితో గీకి చూడండి. ఊడిన అయస్కాంతాలు ఒకటికి మించి మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదికి తెస్తాయి. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో గుడి, సున్న లాంటి చిన్న ముక్కలు అసలు వద్దు. బొమ్మల భద్రతా పరీక్షలో వాడే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అందులో ఇమిడిపోయే ప్రతి ముక్కా గొంతుకు అడ్డం పడగలదన్న లెక్క.

ఒకవైపు తెలుగు, వెనకవైపు ఇంగ్లీషు అచ్చు వేసిన బిళ్లలు ఒక దానికి రెండు వచ్చాయని ఊరిస్తాయి. కొనకండి. క వెనక ఇంగ్లీషు కె (K) ఉంటుంది. కలో అ ఉంది, కె ధ్వనిలో అది లేదు. రెండూ ఒకటేనని నేర్చిన పిల్ల ‘కల’ను ఇంగ్లీషులో రెండే అక్షరాలతో, కె పక్కన ఎల్ పెట్టి కడుతుంది. ఆ తప్పు రెండు భాషల్లోనూ చాన్నాళ్లు వెంటాడుతుంది.

పెట్టె ఇంటికొచ్చాక మొదటి వారం తెరవకండి. ముందు చెవికి పని చెప్పాలి. ‘పలక’ అని చెప్పి ముక్కకో చప్పట్టు కొట్టించండి: ప, ల, క, మూడు. తర్వాత కాగితం మీద మూడు గళ్లు గీసి, ముక్క పలికినప్పుడల్లా ఒక గింజనో గుండీనో గడిలోకి జరిపించండి. సోవియట్ మనస్తత్వవేత్త ఎల్కొనిన్ ప్రచారంలోకి తెచ్చిన ఈ గళ్ల పద్ధతి ఖర్చు లేనిది, ఏ భాషకైనా పనికొచ్చేది. గింజ జరిగిన చోటికే తర్వాత బిళ్ల వస్తుంది.

రెండో వారం ప, ల, క, డ నాలుగే తీయండి. మూడో వారం వ ఇవ్వండి, పకూ వకూ పోలిక ఉంది కనుక. ఈ ఐదింటితో గుణింతం లేకుండా పలక, పడవ, పడక, కడవ, కలప, కల, వల కట్టొచ్చు. వర్ణమాల వరసలో వెళ్తే క, ఖ, గ, ఘ, ఙ వచ్చేసరికి కట్టగలిగే మాట ఒక్కటీ కనిపించదు. పోలిక ఉన్నవాటిని, అంటే మ-య, ద-డ, న-స, ర-ఠ లను ఒకే వారంలో పరిచయం చేయకండి. ఒకటి బాగా స్థిరపడ్డాక రెండోది.

కలపడం దగ్గర పెద్దవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ‘ప… డ… వ…’ అని మధ్యలో గాలి వదిలి, ‘కలిపి చెప్పు’ అంటారు. పిల్ల ‘వ’ అంటుంది, చివరిగా విన్నది అదే కాబట్టి. బిళ్లల మధ్య సందు లేకుండా జరిపి, వేలు ఎడమ నుంచి కుడికి ఆపకుండా లాగుతూ ‘పడవ’ అని సాగదీయండి. ఊపిరి తెగకూడదు. మూడు కుదరకపోతే ముందు రెండు కలిపి ‘పడ’ అనిపించి, తర్వాత వ తగిలించండి. పది నిమిషాలు చాలు. పిల్ల బిళ్లలతో బండి కట్టడం మొదలుపెడితే పాఠం అయిపోయిందని అర్థం.

గుణింతానికి పాత పాట మనందరి నోటా ఉంది, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి అని. పాటగా బాగుంటుంది, దానితోనే చదువు వస్తుందనుకుంటే దెబ్బతింటాం. కూ ఒక్కటీ తీసి చూపిస్తే ‘క, కా, కి, కీ, కు, కూ’ అని మొదటినుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చే పిల్లలు ఎంతమందో. వరసే గుర్తుంది, గుర్తుకూ ధ్వనికీ ముడి పడలేదు. బిళ్లలతో దీన్ని నిలువుగా నేర్పొచ్చు. ఒక అక్షరానికి అన్ని గుర్తులూ ఇవ్వకుండా, ఒకే గుర్తును అక్షరాల మీదుగా నడిపించండి. గుడి పట్టుకుని కి, పి, డి, వి. అక్షరం మారుతోంది, ఇ మారడం లేదు. రెండు మూడు రోజులకు ఇంతవరకు చూడని తకు కూడా గుడి పెట్టి ‘తి’ అంటుంది. పాట నేర్పిన పిల్ల త గుణింతం మళ్లీ మొదలెట్టాలి. తర్వాత మాటలోనే ఒక్క గుర్తు మార్చండి: పలక, పిలక. పడక, పాడక, పిడక. ఒక ముక్క తీసి ఒక ముక్క పెడితే మాటే మారిపోవడం పిల్లలకు మహా సరదా. ఈ సరదా చార్టు ఇవ్వలేదు.

ఒత్తులు అసలైన గట్టు. ఇందులో పిల్లల తెలివితక్కువతనం ఏమీ లేదు, లిపికీ చెవికీ తగవుంది. ‘చెట్టు’కు చప్పట్లు కొట్టించండి. చెవి చెట్, టు అని విడదీస్తుంది. రాతలో చె, ట్టు. చెవి రెండు టలను చెరో ముక్కకు పంచింది, రాత రెండింటినీ ఒకే స్తంభంలో నిలబెట్టింది. ఇప్పుడు గుర్తు సంగతి చూడండి. ‘పిల్లి’లో గుడి పై ల మీద ఉంది, పలికేది కింది ల తర్వాత. కన్ను చూసిన వరసలో చదివితే ‘పిలిల’ అవుతుంది, పిల్లలు సరిగ్గా అదే అంటారు. బిళ్లలతో ఇది సరిచేసే తీరు: పై అక్షరం, దాని కింద ఒత్తు, చివరన గుర్తు, ఈ క్రమంలోనే చేత్తో పెట్టించాలి. చదివేటప్పుడు వేలు పై బిళ్ల నుంచి కిందికి దిగి, మళ్లీ పైకి గుర్తు దగ్గరకు రావాలి. మొదట గుర్తు లేని మాటలు, అక్క, గడ్డ, పక్క. తర్వాతే చెట్టు, పిల్లి. గ, చ, ట, డ, ద, ప, బ ఒత్తులు తమ అక్షరాన్నే పోలి ఉంటాయి కాబట్టి ముందు అవి నయం. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు రూపాన్ని పోలవు. పెట్టెలో వీటికి విడి బిళ్లలు ఉండాలి. పెద్ద అక్షరాన్నే చిన్నగా అచ్చేసి ‘ఒత్తు’ అని ఇచ్చిన పెట్టెలు కూడా ఉన్నాయి, వాటిని వెనక్కి ఇచ్చెయ్యొచ్చు.

సున్న మీద ఒక్క మాట. చార్టు దాన్ని ‘అం’ అంటుంది. రంగు, మంచం, పంట, పంది, పంపు చదివి చూడండి, ప్రతి మాటలోనూ సున్న వెనకొచ్చే అక్షరాన్ని బట్టి పలుకుతుంది. మంచంలో అయితే రెండు సున్నలకు రెండు పలుకులు. సూత్రం చెప్పనక్కర్లేదు. సున్న బిళ్లను ‘అం’ అని పిలవకుండా ‘సున్న’ అని పిలిచి, మాట మొత్తంగా పలికిస్తే నోరే సర్దుకుంటుంది.

ఇన్ని లక్షణాలున్న పెట్టె దొరక్కపోతే ఇంట్లో చేసుకోవడం ఒక సాయంత్రం పని. దళసరి అట్టను ఆరు సెంటీమీటర్ల చదరాలుగా కోయండి. తలకట్టు తీసేసిన ఒంటిని నల్ల మార్కర్‌తో, పైన రెండు సెంటీమీటర్లు ఖాళీ వదిలి రాయండి. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటును అదే కొలతకు కోసి, తలకట్టు, దీర్ఘం, గుడి, ఎత్వం ఒక్కో ముక్క మీద నీలం మార్కర్‌తో, అక్షరం నెత్తి ఎక్కడుందో కింద అట్ట పెట్టి చూసుకుంటూ గీయండి. చెరగని సిరా వాడాలి, చెమట చేతులకు మామూలు మార్కర్ రెండో రోజే పోతుంది. అట్ట మీద షీటు పెడితే అక్షరం పూర్తవుతుంది. షీటు జారిపోతుంటే అట్ట పై అంచున చిన్న మడత పెట్టి అందులోకి దూర్చండి. పు, వు, లి, బి, జి, మి, యి లను విడి అట్టల మీద రాసి, గుర్తు వచ్చే గీతను మాత్రం నీలంలో రాయండి. షీట్ల మూలలు గుండ్రంగా కత్తిరించండి, లేకపోతే వేళ్లకు గుచ్చుకుంటాయి.